అమ్మవైపు నుంచి వచ్చిన అక్షరం

పిల్లకి వినపడదని తేలిన దగ్గర్నుంచీ ఎవరికి తోచిన కారణం వాళ్ళు చెప్పుకొచ్చారు. వినాయకుడి నిమజ్జనం నాడు పిల్లని చంకనేసుకుని డీజే బండి పక్కన నిలబడినందుకే ఇలా అయిందని సత్యదుర్గ అత్తగారు చిన్నతల్లి తేల్చేసింది. మస్కట్‌లో ఉన్న మొగుడు నాగసతీష్ వీడియో కాల్‌లో మొహం గంటు పెట్టుకుని, అమలాపురం ఆసుపత్రివాళ్ళ మీద కేసు వెయ్యాలన్నాడు. పాలు పోయడానికొచ్చే ఆవిడ కూడా ఊరుకోక, కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూశావేమో గుర్తు చేసుకో తల్లీ అంది.

సత్యదుర్గ అందరి మాటా విన్నది. అన్నిట్లోకీ ఆసుపత్రివాళ్ళ తప్పే అయివుండాలని లోపల్లోపల మొక్కుకుంది. తప్పంటూ ఒకటి ఉంటే అది ఎవరో ముక్కూమొహం తెలియని మనిషిది కావాలి. తనది కాకూడదు. ఇరవై మూడేళ్ళ ఆ మనిషికి ఆ రోజుల్లో అంతకు మించిన కోరిక లేదు.

పిల్ల పేరు హన్విక. పదకొండో నెలలో జ్వరం పట్టుకుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అన్నారు. అమలాపురంలో ఏడు రోజులు ఉంచి ఇంజక్షన్లు చేస్తే నాలుగో రోజుకే జ్వరం జారిపోయింది. డాక్టరుగారికి దణ్ణం పెట్టి అల్లవరం దగ్గరి తమ ఊరికి తెచ్చేసుకున్నారు. పిల్ల తింటోంది, పాకుతోంది, గోడ పట్టుకుని లేస్తోంది. ఒకటే తేడా. జ్వరానికి ముందు 'అమ్మ, అత్త' అని రోజంతా వాగిన పిల్ల, ఆ రెండు మాటలూ మెల్లగా మానేసింది. నెల గడిచేక, పక్కింటి జయమ్మ టీచరుగారు ఓ పూటంతా పిల్లనే చూస్తూ కూర్చుని, "దుర్గా, ఓసారి కాకినాడ తీసుకెళ్ళమ్మా" అంది. కాకినాడలో రెండు చెవులూ పోయాయన్నారు. అక్కడి డాక్టరుగారే పిల్ల నెత్తురూ తల్లి నెత్తురూ హైదరాబాదు పంపించారు. ఆ రిపోర్టు ఇవాళ వచ్చింది. రెండు కాగితాలు, అంతా ఇంగ్లీషు.

సత్యదుర్గ ఇంటర్లో బైపీసీ తీసుకుంది. మొదటి ఏడాది పరీక్షలు రాసిన వారానికే పెళ్ళయింది. ఆ కాగితాల్లో ఆమెకి తెలిసిన మాటలు నాలుగైదుకి మించి లేవు.

అదృష్టానికి జయమ్మగారి కూతురు నిఖిత మూడు రోజుల సెలవుకి వచ్చి ఉంది. విశాఖపట్నంలో పరిశోధన చేస్తోంది. ఏం పరిశోధనమ్మా అని ఊళ్ళో ఎవరైనా అడిగితే, "సూక్ష్మజీవుల మీదండి" అని ఊరుకుంటుంది. సత్యదుర్గ స్నానాల గదికి దడి కట్టడానికి చీల్చిన కొబ్బరి మట్ట ముందేసుకుని ఆకులు అల్లుతుంటే, నిఖిత ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని రిపోర్టు చదివింది. హన్విక ఆ కుర్చీ కాళ్ళ మధ్య దూరి ఆడుకుంటోంది.

"ఆసుపత్రివాళ్ళ తప్పని రాసుందా అక్కా?"

నిఖిత మళ్ళీ మొదట్నుంచీ చదివింది. "ఇందులో తప్పులెవరివో రాయరు దుర్గా. ఎందుకైందో రాస్తారు. ఇంటర్లో రైబోజోము చదివేవా?"

"ఆయ్. చుక్కలు పెట్టేవాళ్ళం, కణం బొమ్మలో. పెన్సిలు మొనతో పొడిచేస్తే అయిపోయేది."

"ఆ చుక్కల్లో ఒకదాన్ని పట్టుకుని నేను అయిదేళ్ళ నుంచీ ఏడుస్తున్నాను తల్లీ." నిఖిత నవ్వబోయి మానేసింది. "చుక్క కాదది, మిషను. ఒంట్లో ప్రోటీన్లన్నీ అదే తయారు చేస్తుంది. మనకీ ఉంటుంది, సూక్ష్మజీవికీ ఉంటుంది. సూక్ష్మజీవి దాన్ని ఎలా కట్టుకుంటుందన్నదే నా పని. ఆర్ఎన్ఏ అని దారంలాంటిది ఒకటి ఉంటుంది, బాగా పొడుగు. దానంతటది సరిగ్గా మడతపడలేదు. ముందు కొన్ని ప్రోటీన్లొచ్చి దాన్ని పట్టుకుంటాయి. అవి పట్టుకోగానే దారం వంగుతుంది. ఆ వంపులో తరవాతి ప్రోటీనుకి చోటు దొరుకుతుంది. అది కూర్చుంటే ఇంకో వంపు. అలాగ. ఇప్పుడు నువ్వు అల్లుతున్నావు చూడు, ఈ ఆకు మడవకుండా ఆ మూడో ఆకు దూర్చగలవా?"

"ఎక్కడ దూరుస్తానక్కా, సందుంటే కదా."

"అదే. సందు దానికదే ఉండదు. ముందొచ్చినది చేస్తే ఉంటుంది. ఆ మిషనుకి రెండు ముక్కలుంటాయి, చిన్న ముక్కలోనే ఇరవయ్యొక్క ప్రోటీన్లు. మొదట కూర్చోవాల్సిన వాటిలో ఒకటి కూర్చోకపోయినా వెనకవాటికి చోటుండదు, మిషను మిషను కాదు."

సత్యదుర్గ చేతులు అల్లుతూనే ఉన్నాయి. ఇదంతా బాగానే ఉంది, ఇందులో నా పిల్ల ఎక్కడుందా అని ఆమె ఎదురుచూస్తోంది.

"హన్వికకి చేసిన ఇంజక్షను ఆ దారం మడతలోకే వెళ్ళి కూర్చుంటుంది. సూక్ష్మజీవి మిషను తప్పులు చదవడం మొదలెడుతుంది, తప్పుడు ప్రోటీన్లు చేస్తుంది. కొత్త మిషన్లు కట్టుకోడానికి కావలసిన ప్రోటీన్లు కూడా చెడిపోతాయి. అది చచ్చిపోతుంది, జ్వరం తగ్గుతుంది. మన మిషన్లలో ఆ మడత వేరుగా ఉంటుంది కాబట్టి మనకేం కాదు." నిఖిత కాగితం మోకాలి మీద పరుచుకుంది. "కానీ మన కణాల్లో పొయ్యిల్లాంటివి ఉంటాయి. మైటోకాండ్రియా. వాటికి సొంత మిషన్లున్నాయి. ఎప్పుడో కోట్ల ఏళ్ళ కిందట అవీ సూక్ష్మజీవులేనంటారు. వాటి దారం సూక్ష్మజీవుల దారానికి దగ్గర చుట్టం. హన్విక దారంలో ఒక్క అక్షరం మారింది దుర్గా. ఆ పొయ్యికున్న మొత్తం రాతలో, పదహారు వేల పైచిలుకు అక్షరాల్లో ఒక్కటి. దానివల్ల ఆ మడత అచ్చం సూక్ష్మజీవి మడతలాగే అయిపోయింది. మందు వెళ్ళి అక్కడా కూర్చుంది. చెవి లోపలి కణాలు ఓర్చుకోలేవు. పోతే మళ్ళీ పుట్టవు."

"ఆ అక్షరం ఎందుకు మారింది? జ్వరానికా?"

"కాదు. పుట్టుకతోనే." నిఖిత తల పైకెత్తలేదు. "ఆ పొయ్యిలు అమ్మ నుంచే వస్తాయి."

"నాన్న నుంచి రావా?"

"రావు."

సత్యదుర్గ చేతిలో ఆకు ఆగింది.

"రెండో కాగితం నీది. నీలోనూ ఉంది. నీకు ఆ మందు ఎప్పుడూ పడలేదు కాబట్టి వినపడుతోంది. మీ అమ్మగారికి చెవుడు కదా? ఎప్పట్నుంచి?"

"అది చెవుడు కాదక్కా. బాలింత చెవుడు."

"అంటే?"

సత్యదుర్గ చెప్పుకొచ్చింది. ఆమె తల్లి బంగారమ్మ, చెల్లెలు దుర్గాభవానిని కన్న పదో రోజున తలకి గుడ్డ కట్టుకోకుండా, చెవుల్లో దూది పెట్టుకోకుండా వానలో బట్టలు తియ్యడానికి పెరట్లోకి వెళ్ళింది. చల్లగాలి దూరింది. ఆ నెలలోనే చెవులు పోయాయి. అంతకుముందు అమ్మమ్మ పైడమ్మకీ అంతే, మూడో కాన్పులో, ముసురులో కాలవకి వెళ్ళినందుకు. అందుకే ఆ ఇంట్లో బాలింతకి నలభై రోజులు చెవుల్లో దూది తియ్యనివ్వరు. సత్యదుర్గని తియ్యనివ్వలేదు కాబట్టే ఆమె చెవులు నిలబడ్డాయని బంగారమ్మ ఇప్పటికీ ఇంటివాళ్ళతో అంటుంది.

"ఆ కాన్పులప్పుడు జ్వరమొచ్చి ఇంజక్షన్లు చేసేరా?"

"చేసే ఉంటారక్కా. అమ్మకి పది రోజులు చేసేరంట. ఆ సూదుల వల్లే బతికేనంటది."

నిఖిత రిపోర్టు మళ్ళీ మడతపెట్టింది. అది చూస్తుంటే సత్యదుర్గకి అమలాపురం ఆసుపత్రి కనబడింది. పిల్లని చేర్చిన రోజున ఆ కుర్ర డాక్టరుగారు కాగితం మీద రాసుకుంటూ అడిగిన మాట వినబడింది. మీ ఇంట్లో, ముఖ్యంగా మీ అమ్మగారి వైపు, ఎవరికైనా చెవుడుందా అమ్మా? ఆమె అబద్ధం చెప్పలేదు. బావి గట్టు మీద జారి కాలు విరిగినవాణ్ణి చూసి, మీ వంశంలో కుంటితనం ఉందా అంటే ఎవరైనా ఏమంటారు? అలాగే ఆమె కూడా, ఆలోచించనైనా ఆలోచించకుండా, "లేదండి" అంది.

"అక్కా, నేను ఆ రోజు ఉందని చెప్పుంటే?"

"అందరికీ పోవాలని లేదు దుర్గా. మందు పడకపోయినా పోయినవాళ్ళున్నారు."

"చెప్పుంటే?"

నిఖిత కుర్చీ దిగి పిల్ల పక్కన నేల మీద కూర్చుంది. "వేరే మందు చేసేవారేమో" అంది.

సత్యదుర్గ ఏడవలేదు. సగం అల్లిన దడిని విప్పడం మొదలుపెట్టింది. ఎందుకు విప్పుతోందో ఆమెకే తెలియదు. అల్లిన ఆకులన్నీ ఒక్కొక్కటీ వెనక్కి లాగేసింది.

వెళ్ళేముందు నిఖిత ఒక చీటీ మీద నాలుగు మందుల పేర్లు తెలుగులో రాసి చేతిలో పెట్టింది. "ఇవి నీకూ పడకూడదు, మీ చెల్లికీ పడకూడదు, మీ చెల్లికి పుట్టబోయే బిడ్డకీ పడకూడదు. ఎక్కడికెళ్ళినా ముందు ఇది చూపించండి. ఆలస్యం చెయ్యకు, భవానికి నెలలు నిండుతున్నాయన్నావు కదా."

మర్నాడే సత్యదుర్గ పిల్లని తీసుకుని కొత్తపేట దగ్గరున్న పుట్టింటికి వెళ్ళింది. దుర్గాభవాని తొలి కాన్పుకి వచ్చి అక్కడే ఉంది. అది గుడికి వెళ్ళిన సమయం చూసి తల్లిని గదిలోకి పిలిచింది.

బంగారమ్మతో రహస్యం చెప్పడమంత కష్టం ఇంకోటి లేదు. గట్టిగా అరిస్తే వీధిలో వాళ్ళందరికీ వినపడుతుంది, ఆవిడకి తప్ప. అందుకని కిటికీ దగ్గర వెలుతుర్లో నిలబెట్టుకుని, పెదవులు తిప్పుతూ, చేతులతో చూపిస్తూ, ఒక్కో మాటా చెప్పింది. బంగారమ్మ కూతురి నోటి వంకే చూసింది. మొదట్లో అర్థం కానట్టు, తరవాత అర్థమైనట్టు, ఆ తరవాత మళ్ళీ అర్థం కానట్టు మొహం పెట్టింది.

"అంటే నా వల్లంటావు" అంది చివరికి.

"నీ వల్లని కాదే అమ్మా. నీ నుంచి నాకు, నా నుంచి దీనికి. ఎవరూ చేసింది కాదు."

"మా అమ్మ వల్లంటావు. చచ్చి పైనున్న మనిషిని అంటావు. ముసురులో తిరిగింది గనక పోయినియ్యి దాని చెవులు. నాకు తెలీదేంటే? నేను కళ్ళారా చూసేను."

"సరే, అలాగే అనుకో. భవానికి మాత్రం చెప్పాలి. ఆసుపత్రిలో చెప్పాలి."

బంగారమ్మ గబుక్కుని తలుపు గడియ పెట్టింది. అరవకూడదని ఆవిడకి తెలుసు గానీ ఎంత గొంతుతో మాట్లాడుతోందో ఆవిడకి తెలియదు. "దానత్తగారు రాయవరం నుంచి దిగబోతుంది రేపో ఎల్లుండో. నాకు వినపడదని ఆవిడకి ఇప్పటిదాకా తెలియనివ్వలేదే. ఆవిడ చెవిన పడిందా, ఇక దాని బతుకేం బతుకు? చెవిటి వంశం నుంచి తెచ్చుకున్నామంటారు. ఒకదాని కాపురం మొగుడు దేశంలో లేక నిలబడింది. దీని మొగుడు ఇంట్లోనే ఉంటాడే!"

ఆ మాటకి సత్యదుర్గ బిత్తరపోయింది. మస్కట్‌లో ఉన్నవాడికి రిపోర్టు సంగతి తాను ఇంకా చెప్పలేదన్నది తల్లికి ఎలా తెలిసిందా అనుకుంది. ఎవరూ చెప్పలేదు. మొహం చూసి చదివింది, అంతే. ఇరవై ఏళ్ళుగా ఆవిడ చేస్తున్న పని అదే.

"చెప్పకు. ఇటు రా. ఒట్టెయ్యి."

"అమ్మా!"

బంగారమ్మ సత్యదుర్గ కుడిచేతిని గుంజి, కింద కూర్చున్న హన్విక నెత్తి మీద పెట్టేసి, పైన తన చెయ్యి అదిమి పట్టింది. "దీని మీద ఒట్టు. ఎవరితోనూ అనను అను. అనవే!"

పిల్ల తన నెత్తి మీద రెండు చేతుల బరువుకి పైకి చూసి నవ్వింది. ఆటనుకుంది.

సత్యదుర్గ ఒట్టేసింది. ఆ నిమిషానికి వేసేసి బయటపడదామనుకుంది. భవానికి జ్వరమే రాకపోవచ్చు. బిడ్డ నిక్షేపంగా పుట్టొచ్చు. ఏ ఇంజక్షనూ అక్కర్లేకపోవచ్చు. అలాంటివి రోజుకెన్ని కాన్పులు కావడం లేదు?

దుర్గాభవానికి ఆరో రోజున నొప్పులొచ్చాయి. కొత్తపేట నర్సింగ్‌హోములో ఆపరేషన్ చేసి మగపిల్లవాణ్ణి తీశారు. ఉమ్మనీరు ముందే పోయిందన్నారు. రెండో రోజు పొద్దుటికి బిడ్డ ఒళ్ళు కాలుతోంది, పాలు పట్టడం లేదు. నెత్తురు పరీక్షకి పంపి, ఈలోగా ఇంజక్షన్లు మొదలెడదామని డాక్టరమ్మగారు చెప్పి వెళ్ళారు.

గదిలో మంచం మీద భవాని, మంచం పక్క స్టూలు మీద బంగారమ్మ, ఆవిడ వెనక ఉయ్యాల్లో బిడ్డ, కిటికీ దగ్గర కుర్చీలో రాయవరం నుంచి దిగిన భవాని అత్తగారు. సత్యదుర్గ హన్వికని ఎత్తుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. నర్సు ట్రే పట్టుకుని వచ్చింది. ట్రేలో రెండు చిన్న సీసాలున్నాయి.

"ఏం మందండి?" అని అడిగింది సత్యదుర్గ.

నర్సు చెప్పింది. మొదటి పేరు చీటీలో లేదు. రెండోది ఉంది. చీటీ తీసి చూడక్కర్లేదు, వారం పైగా ఆ నాలుగు పేర్లే ఆమె నోట్లో తిరుగుతున్నాయి.

బంగారమ్మ స్టూలు మీద నుంచి కూతురి మొహమే చూస్తోంది. సత్యదుర్గ పెదవులు కదిలాయో లేదో ఆవిడ తల అడ్డంగా ఊపింది. సత్యదుర్గ చంకలో బరువు అటూ ఇటూ కదిలింది. హన్విక ఆమె ముక్కుపుడకతో ఆడుకుంటోంది. దీని మీద ఒట్టేశాను. చెవులెలాగూ పోయాయి. ఇంకా ఏముంది తీసుకోడానికి? ఆ ప్రశ్న ఆమె వేసుకోకుండా ఉండాల్సింది. వెంటనే జవాబొచ్చింది. కళ్ళున్నాయి. చూపుతోనే కదా ఇప్పుడీ పిల్ల అమ్మని గుర్తుపట్టేది, అన్నం గిన్నెని గుర్తుపట్టేది, నవ్వేది.

నర్సు సూదిలోకి మందు ఎక్కించుకుంటోంది.

"అది వెయ్యకండి" అంది సత్యదుర్గ. "రెండోది. మా ఇంట్లో ఆడాళ్ళకి చెవుడుందండి. మా అమ్మకి, మా అమ్మమ్మకి. ఆ మందు పడితే పోతాయండి. నా పిల్లకి అలాగే పోయినియ్యండి. కాయితాలున్నాయి."

రిపోర్టు మడతలు విప్పి అందించింది.

"ఏంటే అక్కా?" అంది భవాని మంచం మీద నుంచి. "ఏమంటున్నావు?"

"ఏం లేదండి" అని బంగారమ్మ నర్సుతో అంది. "దానికి పిల్ల బెంగ. మతి ఉండట్లేదు. మా ఇంట్లో ఎవరికీ అలాంటివి లేవు."

నర్సు డాక్టరమ్మగారిని పిలుచుకొచ్చింది. ఆవిడ రిపోర్టు నిలబడే చదివారు. చదివి, బంగారమ్మ ఎదురుగా వచ్చి మామూలు గొంతుతో అడిగారు. "అమ్మా, మీకు వినపడదా?"

"శుభ్రంగా వినపడుద్దండి" అంది బంగారమ్మ.

డాక్టరమ్మగారు ఆ మాట నమ్మినట్టే తలూపి, బిడ్డని చూసే వంకతో ఆవిడ వెనక్కి వెళ్ళారు. అక్కణ్ణుంచి, "మీ మనవడికి ఏం పేరు పెడదామనుకుంటున్నారమ్మా?" అన్నారు.

బంగారమ్మ అదే నవ్వు మొహంతో, డాక్టరమ్మగారు ఇందాక నిలబడిన చోటుకేసి చూస్తూ కూర్చుంది.

"పేరమ్మా, పేరు. మనవడి పేరు."

భవాని అత్తగారు ఒళ్ళో ఉన్న సంచీ నేల మీద పెట్టి నిటారుగా కూర్చుంది. అందరి కళ్ళూ తన మీదికి తిరగడం చూసి బంగారమ్మకి అర్థమైంది. ఆవిడ నవ్వు ఒక్కసారిగా పోలేదు. తియ్యడం మరిచిపోయినట్టు కాసేపు అలాగే ఉంది.

డాక్టరమ్మగారు కేస్ షీటు మీద ఎర్ర సిరాతో ఏదో రాసి, కింద గీత గీశారు. "మంచి పని చేశావమ్మా" అని సత్యదుర్గ భుజం తట్టి, ట్రేలో రెండో సీసా తీయించేసి, వేరే మందు రాసి వెళ్ళిపోయారు.

"మాకు ముందే చెప్పుంటే బాగుండేదండి వదినగారూ" అంది భవాని అత్తగారు, చాలా మర్యాదగా. బంగారమ్మ ఆవిడ వైపు చూడలేదు కాబట్టి ఆ మాట ఆవిడకి అందలేదు. భవానికి అందింది. అది గోడ వైపు తిరిగిపోయింది.

"భవానీ, బాబుకి ఏం కాదు. మందు మార్చేరు" అంది సత్యదుర్గ.

"వెళ్ళక్కా."

"నీకూ వెయ్యకూడదు. షీటు మీద రాయించుకో..."

"నీ పిల్లకి పోయినియ్యి. నా పిల్లాడికి ఏం కాలేదు కదా. ఏం కాకుండానే మా అత్తగారి ముందు నన్నిలా నిలబెట్టేవు. వెళ్ళవే అక్కా, నీకు దణ్ణం పెడతాను."

సత్యదుర్గ పిల్లని చంక మార్చుకుంది. ఏం కాలేదన్నది నిజమే. వాడు పెరుగుతాడు. అమ్మా అని పిలిస్తే పలుకుతాడు, వెనక నుంచి బండి వస్తే పక్కకి తప్పుకుంటాడు. అలా తప్పుకున్న ప్రతిసారీ వీడు ఇవాళ బతికి బయటపడ్డాడని ఎవరికీ గుర్తుకు రాదు. జరగనిదాన్ని ఎవరికైనా ఎలా చూపించడం? జరిగింది మాత్రం చంకలో ఉంది.

బంగారమ్మ గుమ్మం దాకా వచ్చింది. తిడుతుందనుకుంది సత్యదుర్గ. తిట్టలేదు. హన్విక నెత్తి మీద చెయ్యి పెట్టబోయి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి లాక్కుంది. "ఒట్టు తప్పేవే" అంది మెల్లగా. అంత మెల్లగా మాట్లాడడం ఆవిడకి ఇంకా వచ్చునని సత్యదుర్గకి అప్పటిదాకా తెలియదు.

అమలాపురం బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. ఒట్లకీ కళ్ళకీ సంబంధం ఏమిటని నిఖితక్కని అడిగితే ఏమంటుందో ఆమెకి తెలుసు. అక్షరాలు, మడతలు, ఏది దేనికి అతుక్కుంటుందో, ఎందుకతుక్కుంటుందో, అన్నిటికీ లెక్క ఉంది. అందులో తల్లి పెట్టిన ఒట్టు కూర్చునే చోటు ఎక్కడా లేదు. చూడబోతే బాలింత చెవుల్లో దూదికీ చోటు లేదు. అది తెలిశాక కూడా ఆమె గుండె తన మానాన తాను కొట్టుకుంటూనే ఉంది.

అంబాజీపేట దాటాక కొబ్బరికాయల లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ ఎదురొచ్చింది. హన్విక కుడి కన్ను నులుముకుంది. ఇంకోసారి నులుముకుంది. సత్యదుర్గ పిల్ల చేతులు రెండూ పట్టి దించి, బొటనవేలితో రెప్ప పైకెత్తి చూసింది. కనుగుడ్డు తెల్లగానే ఉంది, ఎరుపేం లేదు. ఎడమ కన్ను ఎత్తి చూసింది. మళ్ళీ కుడిది. పిల్ల గింజుకుని, తనకి తానే వినలేని గొంతుతో ఆరున్నొక్క రాగం ఎత్తుకుంది. బస్సులో వాళ్ళు తిరిగి చూశారు.

"ఏంటమ్మా, కంట్లో నలుసు పడిందా?" అని ముందు సీట్లో పెద్దాయన అడిగాడు.

"ఆయ్, నలుసేనండి" అంది సత్యదుర్గ.

నలుసు ఎక్కడా కనబడలేదు. ఆమె రెప్ప వదల్లేదు.